సబ్బుకి ముందు సున్నిపిండి

శంషాబాద్ ఎయిర్‌పోర్టు డిపార్చర్స్ దగ్గర, అమెరికా వెళ్ళేవాళ్ళు సూట్‌కేసులు తూచుకునే చోట ఓ పావుగంట నిలబడితే తెలుగువాళ్ళ సంసారమంతా కనిపిస్తుంది. 23 కిలోలు దాటిందనగానే పెట్టె నేలమీద పడుకోబెట్టి తెరవడం, ఏది తీసెయ్యాలో తల్లీకూతుళ్ళు వాదులాడుకోవడం, నాన్నగారు వాచీ చూసుకోవడం. ఆవకాయ, కందిపొడి, కారప్పొడి, గోంగూర పచ్చడి... వీటి మధ్య ఏ జిప్‌లాక్ సంచిలోనో లేత పసుపురంగు పిండి ఒకటి ఉంటుంది. అది తినేది కాదు. సున్నిపిండి. ఆడపిల్ల మొదటిసారి వెళ్తున్నా, మనవడి పురిటికి అమ్మమ్మ వెళ్తున్నా అది లేకుండా పెట్టె కదలదు.

ఆ సంచీ పెద్ద పెట్టెలోంచి చేతిసంచిలోకి మారిందంటే మాత్రం చిక్కే. 2017లో సిడ్నీలో విమానం పేల్చే కుట్ర ఒకటి బయటపడ్డాక, 2018 జూన్ 30 నుంచి అమెరికా వెళ్ళే విమానాల్లో చేతిసంచిలో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులుంటే విడిగా తనిఖీ చేస్తున్నారు. 350 అంటే ఒక కూల్‌డ్రింక్ డబ్బా అంత. అమెరికా విమానం ఎక్కే చివరి ఎయిర్‌పోర్టులో ఈ తనిఖీ. మనవాళ్ళకి ఎక్కువగా అది దుబాయో, దోహానో. అక్కడ ఆఫీసరు సంచీ పైకెత్తి "ఇదేమిటి?" అంటే ఏం చెప్పాలి? ఫుడ్ అందామా అంటే తినం. మెడిసిన్ కాదు. "ఫేస్ ప్యాక్" అనేసి గట్టెక్కుతారు చాలామంది.

నన్నడిగితే సరైన జవాబు "సబ్బు" అని. సబ్బు మన ఊళ్ళకి రాకముందు సబ్బు చేసే పని చేసింది అదే. ఆ పని పోయిన తరవాతే దానికి "అందం" అనే కొత్త ఉద్యోగం వచ్చింది. మనం ఇవాళ వంటింటి సౌందర్య చిట్కాలు అని చెప్పుకునేవాటిలో చాలావాటి కథ ఇదే. ఈ టపా ఆ ఉద్యోగం మారిన చరిత్ర గురించి.

ముందు సరుకు సంగతి చూద్దాం. సున్నిపిండిలో ఇంటికో లెక్క ఉంటుంది గానీ అసలు మూలం పెసలో శనగపప్పో, కొంచెం బియ్యం, పసుపు కొమ్ములు. ఆ పైన కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, మెంతులు, ఎండిన నారింజ తొక్కలు, గులాబీ రేకులు - ఎవరి ఓపిక వాళ్ళది. వాడే పద్ధతి మాత్రం అందరిదీ ఒకటే: ముందు ఒంటికి నూనె, ఆ తరవాత పిండి. ఈ వరసలోనే కిటుకంతా ఉంది. ఒంటిమీది మురికి సగం జిడ్డుకి పట్టుకునుంటుంది. నూనె దాన్ని వదులు చేస్తుంది. పప్పుల పిండిలో ఉన్న గంజి, మాంసకృత్తులు ఆ నూనెని పీల్చుకుంటాయి. శనగల్లో కొద్దిగా సాపోనిన్లు కూడా ఉంటాయి, అంటే నురగనిచ్చే పదార్థం. బరకగా ఉన్న పిండి పాత చర్మాన్ని దొర్లించేస్తుంది. పసుపులో రంగు పదార్థం కర్‌క్యుమిన్ నీళ్ళల్లో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ముందు నూనె రాసుకోవడం దానికీ పనికొచ్చింది. కెమిస్ట్రీ చదవకుండానే ఎన్ని తరాలు టెస్టింగ్ చేసి ఈ వరసకి వచ్చాయో!

కుంకుడుకాయదీ ఇదే సంగతి. అందులో సాపోనిన్లు బాగా ఎక్కువ. సబ్బు క్షారం, కుంకుడు రసం కొంచెం ఆమ్లం వైపు ఉంటుంది, మన చర్మమూ అంతే. అందుకే పట్టుచీరలకీ, కంసాలి కొట్లో నగలు కడగడానికీ ఇప్పటికీ కుంకుడురసం వాడతారు. కంట్లో పడితే మాత్రం నరకమే. నోట్లో ఇంత ఉప్పుగల్లు వేసుకోమనేవారు, గుర్తుందా? మంటకీ ఉప్పుకీ ఏం సంబంధమో గానీ, ఏడుపు మాత్రం ఆగేది.

పసుపుతో ఇంకో చిన్న ప్రయోగం మీరంతా చూసే ఉంటారు. పసుపు మరక పడ్డ చొక్కాకి సబ్బు పెడితే మరక ఎర్రగా అయిపోతుంది. క్షారం తగిలితే కర్‌క్యుమిన్ ఎర్రబడుతుంది. పెళ్ళిలో కాళ్ళకి పెట్టే పారాణి ఇదే, పసుపులో సున్నం కలపడమే. పాత పద్ధతిలో కుంకుమ చేసేదీ పసుపుని క్షారంతో ఎర్రబరిచే. ఆ మరక ఎండలో వేస్తే వెలిసిపోతుంది, వెలుతురుకి కర్‌క్యుమిన్ ఆగదు. మన స్కూలు ల్యాబుల్లో పీహెచ్ కాగితం దగ్గర మేష్టారు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే కెమిస్ట్రీ ఎంత హాయిగా ఉండేదో.

సరే, చరిత్రకొద్దాం. వినాయకచవితి నాడు చదువుకునే కథ గుర్తు చేసుకోండి. పార్వతీదేవి స్నానానికి వెళ్తూ నలుగుపిండితో బొమ్మ చేసి ప్రాణం పోసింది. మనమంతా ఆ తరవాత వచ్చే ఏనుగు తల దగ్గర ఆగిపోతాం. నాకు మాత్రం బొమ్మ దగ్గరే ఆసక్తి. నూనె మీద నలుగు పెట్టి రుద్దితే అది ఉండలు ఉండలుగా రాలుతుంది, చేతిలో ముద్ద కడితే మెత్తటి మట్టిలాగానే ఉంటుంది. కథ చెప్పినవాళ్ళకీ విన్నవాళ్ళకీ ఇది తెలుసు కాబట్టే "నలుగుపిండి అంటే ఏమిటి" అని కథలో ఎవరూ ఆగి వివరించరు. దేవుడి తల్లి చేసినా అది రోజువారీ స్నానమే, బ్యూటీ ట్రీట్‌మెంట్ కాదు.

రాజుల దగ్గర ఆ రోజువారీ పనే వైభవం అయింది. హైదరాబాదు నుంచి ముంబై హైవే మీద వెళ్తే బీదర్ జిల్లాలో బసవకల్యాణ్ వస్తుంది. పాతపేరు కల్యాణి, పశ్చిమ చాళుక్యుల రాజధాని. అక్కడ రాజ్యం చేసిన మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో, 1130 ప్రాంతంలో, 'మానసోల్లాసం' అని సంస్కృతంలో ఒక పెద్ద గ్రంథం రాయించాడు (తనే రాశాడని ప్రతీతి). వంటల దగ్గర్నుంచి ఏనుగుల దాకా అన్నీ ఉన్నాయి అందులో. రాజు అనుభవించాల్సిన భోగాల్లో స్నానానికి ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. సువాసన నూనెలతో మర్దనా, ఆ నూనె వదలడానికి ముద్దలు. సరుకులు ఖరీదైనవే గానీ వరస మాత్రం మన వంటింటి వరసే: నూనె, తరవాత నలుగు.

తెలుగులో చూస్తే నలుగుకి పాటల్లో చోటు దొరికింది. పెళ్ళిళ్ళలో నలుగు పాటలు ఆడవాళ్ళ నోటనే వందల ఏళ్ళు బతికాయి. అన్నమయ్య (1408-1503) కూడా దేవుడికీ అమ్మవారికీ నలుగు పెట్టే సంకీర్తనలు రాశాడు. తాళ్ళపాక వారి పాటలు రాగిరేకుల మీదికెక్కి తిరుమలలో భద్రంగా ఉండబట్టి మనదాకా వచ్చాయి. ఆ పెళ్ళి ముత్తైదువల పాటలకి రాగిరేకులు లేవు. ఈ తేడా కాస్త గుర్తుంచుకోండి, దీనితో ముందు పనుంది.

ఇప్పుడు మళ్ళీ శంషాబాద్ వద్దాం. ఎయిర్‌పోర్టు కాకముందు ఇది పైగా నవాబుల ఊరు. నిజాం తరవాత అంతటి హోదా, నిజాం ఇంటి ఆడపిల్లల్ని చేసుకునే వియ్యంకం ఉన్న కుటుంబం వాళ్ళది. వాళ్ళ బిరుదు షమ్స్-ఉల్-ఉమ్రా, ఆ 'షమ్స్' నుంచే శంషాబాద్ అన్న పేరు వచ్చిందంటారు. హైదరాబాదు ముస్లిముల పెళ్ళిళ్ళలో 'మాంజే' అని ఉంటుంది. పెళ్ళికి ముందు పిల్లకి పసుపు బట్టలు కట్టి ఒంటికి ఉబ్టన్ రాస్తారు. సువాసన ద్రవ్యాలు బాగా దట్టించిన పిండిని దక్కనీలో 'చిక్సా' అంటారు. పిండి, పసుపు, గంధం, సుగంధాలు. అదే హైదరాబాదు చుట్టుపక్కల తెలుగు ఇళ్ళల్లో పెళ్ళికి ముందు పసుపు దంచడం, నలుగు పెట్టడం, మైలపోలు. దేవుళ్ళు వేరు, భాష వేరు, గిన్నెలో ఉన్న ముద్ద మాత్రం దాదాపు ఒకటే. మన గంగా జమునా తెహజీబ్ అని పెద్ద పెద్ద మాటలంటారు గానీ, నాకు దానికి ఈ ముద్దని మించిన ఉదాహరణ కనపడదు.

కానీ ఆ ముద్ద ఎవరు నూరారు? ఇది అడక్కుండా వంటింటి చిట్కాల చరిత్ర రాస్తే సగమే రాసినట్టు. కిలో పసుపు కొమ్ములు రోకలితో దంచి, జల్లించి, మళ్ళీ దంచి చూడండి... అరచేతులు బొబ్బలెక్కుతాయి. మామూలు ఇంట్లో ఆ పని ఆడవాళ్ళదే. దొరల గడీలో వెట్టివాళ్ళది. పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటం మీద 1972లో వెలువరించిన పుస్తకంలో ఏ కులంవాళ్ళు దొరకి ఏ పని ఊరికే చెయ్యాలో వివరంగా ఉంది. పగలు ఇంటి చాకిరీ అంతా చేసి, రాత్రి దొర కాళ్ళు పిసికి ఒళ్ళు పట్టడం మంగలివాళ్ళ వెట్టిలో భాగం. పైసా ఇవ్వరు, రానంటే కుదరదు. 1946-51 మధ్య జరిగిన సాయుధ పోరాటం భూమి కోసం ఎంతో, ఈ వెట్టి పోవడం కోసం అంతే. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, పైగాల జాగీర్లతో సహా. "పూర్వం అన్నీ నేచురల్‌గా ఇంట్లోనే చేసుకునేవాళ్ళం" అనే వాక్యంలో 'చేసుకునేవాళ్ళం' అన్న క్రియకి కర్త ఎవరో ప్రతి ఇంట్లోనూ ఒకసారి చూసుకోవాలి.

ఇంకో సంగతి. పప్పు తినడానికే దొరకని ఇంట్లో పెసరపిండి ఒంటికి రుద్దుకోరు. బట్టలకి చవుడు మట్టి, గిన్నెలకి బూడిదా చింతపండూ, తలకి దొరికితే కుంకుళ్ళు, లేకపోతే మట్టి - ఎక్కువమంది జనం శుభ్రత చరిత్ర ఇది. సున్నిపిండి అందరిదీ అని మనం అనుకోవడం మన ఇంటి కిటికీలోంచి ఊరు చూడటమే.

అందుకే సబ్బు వచ్చినప్పుడు జనం దాన్ని ఎందుకంత త్వరగా పట్టుకున్నారో నాకు అర్థమవుతుంది. 1888లో లీవర్ బ్రదర్స్ వాళ్ళ సన్‌లైట్ సబ్బు పెట్టెలు ఇంగ్లండు నుంచి కలకత్తా రేవులో దిగాయి. 1895 నాటికి లైఫ్‌బాయ్ వచ్చింది. 1910ల్లో మైసూరు సంస్థానం గంధపు నూనె తీసి, దానితో సబ్బు కూడా చెయ్యడం మొదలుపెట్టింది. అదే మైసూర్ శాండల్. అదే దశాబ్దం చివర గోద్రెజ్ వాళ్ళు జంతువుల కొవ్వు లేకుండా నూనెగింజలతో సబ్బు చేసి స్వదేశీ సరుకుగా అమ్మారు. కొవ్వు ఉందని సబ్బు ముట్టని ఇళ్ళల్లోకి కూడా దాంతో దారి దొరికింది. 1929లో లక్స్ వచ్చింది, 1941లో లీలా చిట్నిస్ ఆ సబ్బు ప్రకటనలో కనిపించింది. చూశారా, సబ్బు వచ్చిన దారిలోనే 'శుభ్రం' మెల్లిగా 'సినిమాతార అందం'గా మారిపోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. సబ్బు చేసిన మేలు తక్కువది కాదు. దంచక్కర్లేదు, జల్లించక్కర్లేదు, పండగదాకా ఆగక్కర్లేదు, ఎవరి చేతా నూరించక్కర్లేదు. అణాలు చేతిలో ఉంటే చాలు, ఏ కులం వాడైనా కొనుక్కోవచ్చు. దాంతో సున్నిపిండికి రోజువారీ పని పోయింది. దీపావళి, భోగి తలంట్లు, పెళ్ళి, పసిపిల్లల స్నానం... ఇలా రిటైరైపోయి పండగలకి మాత్రం కన్సల్టెంట్‌గా వస్తోందన్నమాట.

జుట్టు కథ ఇంకా తమాషా. 'షాంపూ' అనే మాట మనదేశం నుంచి వెళ్ళిందే, హిందీ 'చాంపో' అంటే ఒత్తు, నొక్కు అని. పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ (1759-1851) కంపెనీ సైన్యంలో పనిచేసి ఐర్లండు చేరాడు. 1810లో లండన్‌లో హిందుస్తానీ భోజన హోటలు పెట్టాడు, అది మూతపడింది. స్టార్టప్ ఫెయిలైతే ఏం చేస్తాం, పివట్ చేస్తాం. ఆయనా అదే చేశాడు. బ్రైటన్ సముద్రతీరంలో ఆవిరిస్నానం, మర్దనా చేసే స్నానశాల తెరిచి, నాలుగో జార్జి, నాలుగో విలియం రాజులకి 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. అప్పట్లో ఆ మాటకి మర్దనా అనే అర్థం, తల రుద్దుకోవడం అనేది తరవాత వచ్చి చేరింది. అక్కడ రాజు ఒళ్ళు పట్టినవాడికి బిరుదు, పేరు, సొంత పుస్తకం. ఇక్కడ దొర ఒళ్ళు పట్టినవాడికి వెట్టి. పని ఒకటే.

ఆ మాట సీసాలోకెక్కి తిరిగి మనదగ్గరికి వచ్చింది. కానీ సీసా ఖరీదు మధ్యతరగతి వాళ్ళకే భారం. తమిళనాడు కడలూరులో చిన్ని కృష్ణన్ అనే ఆయన "కూలీ చేసుకునేవాడు కూడా కొనగలగాలి" అనే పట్టుదలతో చిన్న చిన్న సాషేల్లో సరుకు నింపడం మొదలుపెట్టాడు. కుటుంబం దాన్ని వెల్వెట్ షాంపూగా అమ్మింది. ఆయన కొడుకు సి.కె. రంగనాథన్ 1983లో విడిగా చిక్ షాంపూ పెట్టాడు. అదే తరవాత కెవిన్‌కేర్. రూపాయికి, ఆ తరవాత అర్ధరూపాయికి షాంపూ. మన పల్లెల్లో కిరాణాకొట్ల ముందు తోరణాల్లా వేలాడే ఆ సాషేలే కుంకుళ్ళని నిజంగా ఓడించాయి. పొద్దున్నే కుంకుళ్ళు కొట్టి, గింజలు తీసి, వేణ్ణీళ్ళల్లో నానబెట్టి, పిసికి, వడగట్టే పనిని అర్ధరూపాయి కొట్టేసింది. మజా ఏమిటంటే, తల్లి సరుకుని పక్కకి నెట్టేశాక అదే కంపెనీ 'మీరా' పేరుతో శీకాయ పొడిని కూడా మనకే అమ్మింది. ముందు అలవాటు పోగొట్టి, తరవాత జ్ఞాపకం అమ్మడం... బిజినెస్ మోడల్ బాగుంది కదూ?

ఇప్పుడు రాగిరేకుల సంగతి. 1995 మార్చిలో అమెరికా పేటెంట్ ఆఫీసు 5,401,504 నంబరుతో ఒక పేటెంట్ ఇచ్చింది, పుళ్ళు మానడానికి పసుపు వాడటం మీద. తీసుకున్నది మిసిసిపీ విశ్వవిద్యాలయం మెడికల్ సెంటర్. కనిపెట్టినట్టు పేర్లున్న ఇద్దరూ భారత సంతతి వాళ్ళే. మనదగ్గర పిల్లాడు మోకాలు చీరుకుని ఇంటికొస్తే మొదట వేసేది పసుపే. ఇంతకన్నా 'అందరికీ తెలిసింది' ఇంకేముంటుంది? కానీ పేటెంట్ చట్టానికి "మా అమ్మమ్మ చెప్పింది" సరిపోదు. అచ్చులో ఉందా, ఎప్పుడు అచ్చయింది, చూపించు. ప్రయర్ ఆర్ట్ అంటే అదే. మషేల్కర్ డైరెక్టర్ జనరల్‌గా ఉన్న సీఎస్ఐఆర్ 1996లో పేటెంట్‌ని తిరిగి పరిశీలించమని అర్జీ పెట్టింది. 32 ఆధారాలు పోగేసింది, సంస్కృతం, ఉర్దూ, హిందీ పుస్తకాలు, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్లో 1953లో వచ్చిన పేపరుతో సహా. 1997 ఆగస్టులో పేటెంట్ ఆఫీసు క్లెయిములన్నీ కొట్టేసింది. మూడో ప్రపంచ దేశం ఒకటి తన సంప్రదాయ విజ్ఞానం ఆధారంగా అమెరికా పేటెంట్‌ని కొట్టించడం అదే మొదలని చెప్పుకున్నారు. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ లైబ్రరీ పని మొదలైంది. ఆయుర్వేద, యునానీ, సిద్ధ గ్రంథాల్లోని మందుల్ని పేటెంట్ ఎగ్జామినర్లు వెతుక్కునే భాషల్లోకి, వర్గీకరణలోకి మార్చిన డేటాబేస్ అది. మనలాంటివాళ్ళకి చెప్పాలంటే, డాక్యుమెంటేషన్ లేని లెగసీ కోడ్‌కి ఆలస్యంగా వికీ రాయడం.

ఇక్కడో చిక్కుంది. గ్రంథాల్లో ఉన్నది లైబ్రరీకెక్కింది. గ్రంథాల్లోకి ఎక్కనిది? పెళ్ళిపాటల్లాగే, ఇంటింటి సున్నిపిండి లెక్క కూడా నోటి మాటే. ఎయిర్‌పోర్టు కోసం శంషాబాద్ దగ్గర దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నారు. 2005లో శంకుస్థాపన, 2008 మార్చి 23న మొదటి విమానాలు. గొల్లపల్లి, మామిడిపల్లి లాంటి ఊళ్ళ పొలాలు అందులో కలిసిపోయాయి. ఎకరాలకి రికార్డుంది, నష్టపరిహారానికి లెక్కుంది. ఆ ఇళ్ళల్లో ఎవరు ఏ ఆకు దేనికి నూరేవారో ఏ రిజిస్టర్లోనూ ఉండదు. ఎయిర్‌పోర్టు వద్దనడం లేదు, నేనూ అక్కడినుంచే ఎగురుతాను. ఊరు మారినప్పుడు ఏమేం లెక్కలోకి రావో చెప్తున్నానంతే.

మరి నోటి మాటని నమ్మితే సరిపోతుందా? అదీ కాదు. పనిపోయిన సున్నిపిండికి వచ్చిన కొత్త ఉద్యోగం పేరు 'రంగు తేలడం'. 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది. దాన్ని తిట్టుకుంటూనే, దానికి 'నేచురల్' పోటీగా మన పత్రికల మహిళా పేజీలు శనగపిండి, మీగడ, నిమ్మరసం రాసుకుంటే తెల్లబడతారని వారం వారం చెప్పాయి. తెలుపు మీద మోజు ఆ క్రీము రాకముందూ ఉంది, కాదనను. 2020లో కంపెనీ 'ఫెయిర్' తీసేసి 'గ్లో' అని పేరు మార్చుకుంది. మన చిట్కాలు మాత్రం ఇంకా మారలేదు. పాత సరుకుకి ఈ కొత్త హామీ ఎంత అతకదో చెప్పడానికి బావంచాలు చాలు. అందులో ప్సోరలిన్ అనే పదార్థం ఉంది. అది చర్మం మీద ఉండగా ఎండ తగిలితే చర్మంలో రంగు పెరుగుతుంది. అందుకే ఆయుర్వేదంలో వాటిని బొల్లి మచ్చలకి వాడారు. 1970ల్లో అల్లోపతీలో వచ్చిన 'పూవా' వైద్యం కూడా ప్సోరలిన్, అతినీలలోహిత కిరణాలు కలిపి చేసేదే. అంటే తెల్లబడాలని రుద్దుకుంటున్న పిండిలో ఉన్నది నల్లరంగు తెప్పించే మందు! మోతాదు ఎక్కువై ఎండలోకి వెళ్తే బొబ్బలు కూడా రావచ్చు. నిమ్మరసంలోనూ ఆ జాతి పదార్థాలే ఉంటాయి, అది రాసుకుని ఎండలో తిరిగితే నల్లటి మచ్చలు పడతాయి. వంటింట్లో ఉన్నంత మాత్రాన ఒంటికి మంచిదనే రూలేమీ లేదు.

ఇంకా రెండు జాగ్రత్తలు. ఆముదం దీపం మసితో ఇంట్లో పట్టే కాటుక వేరు, బజారులో అమ్మే సుర్మా వేరు. పాతకాలపు సుర్మా రాయి సీసపు ఖనిజం, పిల్లల కళ్ళకి పెట్టకూడదు. రెండోది, పసుపు మరీ మెరిసిపోతుంటే అనుమానించండి. బంగ్లాదేశ్‌లో కొమ్ములకి మెరుపు రావడానికి లెడ్ క్రోమేట్ పూస్తున్నారని 2019లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. మన నిజామాబాద్ పసుపు పండించే జిల్లా, జాతీయ పసుపు బోర్డు 2025లో అక్కడే పెట్టారు. తెలిసిన రైతు దగ్గర కొమ్ములు కొని పట్టించుకోవడం కష్టమేమీ కాదు.

ఇంత రాశాక నాకు తోచింది ఒక్కటే. ఇంట్లో పెద్దవాళ్ళున్నప్పుడే వాళ్ళ లెక్క రాసి పెట్టుకోండి. చారెడు, గుప్పెడు, సోలెడు అని చెప్తే అలాగే రాసి, పక్కనే గ్రాముల్లో తూచి కూడా రాయండి. దేనికి వాడేవారో, ఏది పసివాళ్ళకి వద్దనేవారో, ఎవరు దంచేవారో అదీ రాయండి. చివరి గడి ఖాళీగా వదలకండి, అసలు చరిత్ర అందులోనే ఉంది.

ముందుగా మా ఇంటి లెక్క ఇస్తున్నా. పెసలు కిలో, శనగపప్పు పావుకిలో, బియ్యం 100 గ్రాములు, పసుపు కొమ్ములు 100 గ్రాములు, కచ్చూరాలు 50, వట్టివేళ్ళు 50, మెంతులు 50, ఎండిన నారింజ తొక్కలు రెండు గుప్పిళ్ళు, గులాబీ రేకులు ఉన్నన్ని. బావంచాలు మానేశాం, కారణం పైన చెప్పాను. రెండు రోజులు బాగా ఎండబెట్టి మరపట్టించాలి (గిర్నీ అనేవాళ్ళు గిర్నీ అనుకోండి). పూర్వం దంచింది మా నాయనమ్మ, ఆవిడతోపాటు రోకలి వేసిన ఇద్దరు కూలి ఆడవాళ్ళు. వాళ్ళకి కూలి గింజలే ఇచ్చేవారట.

అన్నట్టు, అంతకుముందు ఎవరైనా మిరపకాయలు పట్టించిన మరలో మాత్రం పొరపాటున కూడా పట్టించకండి.